కోనసీమ మండువా ఇంటికి అతిథుల పుస్తకం: పని ఎంతవరకు వచ్చింది

ఏప్రిల్, రెండో వారం

రాజోలు దగ్గర పల్లెలో ఉన్న మా తాతగారి మండువా ఇంటిని (నడుమ పైకప్పు లేని చోటు వదిలి, చుట్టూ గదులు కట్టిన పాతకాలపు ఇల్లు) రోజువారీ అద్దెకు ఇస్తున్నాం. గోడలకు సున్నం వేయించాం, బాత్రూములు కొత్తగా కట్టించాం, రెండు గదులకు ఏసీలు పెట్టించాం. ఇల్లు తయారైంది కానీ, వచ్చినవాళ్ళకు ఆ ఇంట్లో ఏది ఎక్కడుందో, ఏది ఎలా వాడాలో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. నేనుండేది హైదరాబాద్‌లో. అక్కడ ఇల్లు చూసుకునేది వరసకు బాబాయి అయ్యే ఒక పెద్దాయన. పక్కింట్లో పెద్దమ్మ ఉంటుంది. అతిథికి ఏ సందేహం వచ్చినా నాకు ఫోన్, నేను బాబాయికి ఫోన్, ఆయన పొలంలో ఉంటే పెద్దమ్మకు ఫోన్. వర్షాలు మొదలయ్యేలోపు ఇంటి సమాచారం, నియమాలు రెండూ పద్ధతిగా రాసి పెట్టాలని ఈ పని మొదలుపెట్టాను.

ముందు వాట్సాప్ తెరిచి ఇప్పటిదాకా అతిథులు అడిగినవన్నీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. వాళ్ళ మాటల్లోనే:

"మోటారు ఎక్కడ వేయాలండీ?" "ఈ నీళ్ళు తాగొచ్చా?" "సబ్బు నురగ రావట్లేదేంటి?" "మ్యాప్ కాలువ గట్టు మీదకు తీసుకొచ్చింది, కారు వెనక్కి తిప్పడానికి చోటు లేదు." "కరెంటు పోయింది, ఇన్వర్టర్ ఉందన్నారుగా, ఏసీ ఎందుకు రావట్లేదు?" "పెద్ద తలుపు లోపలి నుంచి ఎలా వేసుకోవాలి?" "రాత్రి దూరంగా పెద్ద మంట కనిపిస్తోంది, భయపడాలా?"

ఇవన్నీ ఒకచోట చూశాక ఒక విషయం తేలింది. అద్దె ఇళ్ళవాళ్ళు గోడల మీద పెద్ద అక్షరాలతో రాసే సంగతులు, అంటే పార్టీలు వద్దు, మరకలు చేయొద్దు, సామాను విరగ్గొట్టొద్దు లాంటివి, ఇందులో ఎక్కడా లేవు. అతిథులకు వచ్చే టెన్షన్ అంతా ఇల్లు తెలియకపోవడం వల్లే. అందుకే పుస్తకం సమాచారంతో మొదలవుతుంది. నియమాలు తర్వాత, అవీ కొన్నే.

ఏప్రిల్, నెలాఖరు

ఏ సంగతి ఎక్కడ చెప్పాలి అన్నది తేల్చుకున్నాను. మోటారు గురించి పుస్తకంలో ఎంత బాగా రాసినా, తలకు షాంపూ పెట్టుకున్నాక కుళాయి ఆగిపోయిన మనిషి వెళ్ళి పుస్తకం తిరగెయ్యడు. ఆ మాట బాత్రూం తలుపు లోపలివైపు ఉండాలి. దారి గురించి ఇంట్లో రాసి లాభం లేదు, బయలుదేరే ముందే చేరాలి. కాబట్టి మూడు భాగాలు: బయలుదేరే ముందురోజు పంపే ఒక్క మెసేజి, ఇంట్లో ఆయా చోట్ల చిన్న కార్డులు, సావిట్లో బల్ల మీద ఒక పుస్తకం. ఒకే మాట రెండు చోట్ల రాయకూడదని పెట్టుకున్నాను. మారినప్పుడు ఒకచోట దిద్ది రెండోచోట వదిలేస్తే అతిథి దేన్ని నమ్మాలి?

మే, మొదటి వారం: దారి

మెసేజి రాశాను. మ్యాప్ లింకు ఒక్కటే పంపితే చాలదు. మా ఊరికి మ్యాప్ చూపించే దగ్గరి దారి కాలువ గట్టు రోడ్డు. పగలు స్కూటర్‌కు బాగానే ఉంటుంది, రాత్రి ఎదురుగా ట్రాక్టరు వస్తే కారుకు దిక్కు లేదు. అందుకని లాకులు (కాలువ గేట్లు), రావిచెట్టు, రామాలయం, ఇలా గుర్తులతో రాశాను. రాత్రిపూట కనిపించని గుర్తు ఒక్కటీ పెట్టలేదు. ఏడు దాటాక షట్టర్ దించేసే కొట్టు పేరు రాస్తే చీకట్లో వచ్చేవాడికి అది గుర్తు కాదు.

రాజమండ్రి నుంచి వచ్చేవాళ్ళు జొన్నాడ వంతెన దాటి రావులపాలెం మీదుగా వస్తారు. భీమవరం, పాలకొల్లు వైపు నుంచి వచ్చేవాళ్ళు చించినాడ వంతెన దాటితే దిండి, అక్కడి నుంచి రాజోలు. కాకినాడ నుంచి అయితే 216 నంబరు జాతీయ రహదారి మీద యానాం, అమలాపురం మీదుగా. ఈ మూడూ వేరువేరు మెసేజిలుగా పెట్టాను. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో ముందు అడిగి, వాళ్ళకు కావలసింది ఒక్కటే పంపుతాను. రైలు గురించి కూడా ఒక వాక్యం చేర్చాను. అమలాపురానికి రైలు ఉందనుకుని టికెట్టు వెతికేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాజమండ్రిలోనో పాలకొల్లులోనో నరసాపురంలోనో దిగి రోడ్డు మీద రావాలి.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బండ్లను కూడా ఎక్కించుకునే పెద్ద పడవ) మీద వసిష్ఠ గోదావరి దాటే దారీ ఉంది. పిల్లలున్నవాళ్ళకు అది చాలా నచ్చుతుంది. కానీ రాత్రి చేరేవాళ్ళకు ఆ దారి చెప్పకూడదు. దాన్ని మెసేజిలో పెట్టకుండా, పుస్తకంలో పగటిపూట తిరిగి చూసేవాటిలో రాశాను.

మే, మూడో వారం: నీళ్ళు, కరెంటు

ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. బాబాయిని కూర్చోబెట్టి, ఆయన ఒక రోజంతా ఈ ఇంట్లో ఏమేం చేస్తాడో చెప్పించుకున్నాను. పొద్దున్నే స్టార్టర్ నొక్కి మోటారు వేస్తాడు, ట్యాంకు నిండి పొర్లే చప్పుడు వినగానే ఆపుతాడు. ఆ చప్పుడు ఆయనకు తెలుసు, కూకట్‌పల్లి నుంచి వచ్చినవాళ్ళకు తెలియదు. దీనికి ఎంత రాసినా సరిపోదనిపించి, ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టించి మోటారు దానంతటదే ఆగేలా చేయించాను. రాయాల్సిన ఒక పేజీ తగ్గింది. రాతతో చెప్పడం కష్టమైన పని కనిపిస్తే ముందు ఆ వస్తువునే సరిచేయించాలి. తర్వాత కూడా మిగిలిందే రాయాలి.

నీళ్ళది అలా కాదు. మా వైపు సముద్రం దగ్గర, బోరు నీళ్ళు ఉప్పన. దాన్ని సరిచేసే శక్తి మనకు లేదు, కాబట్టి నిజం చెప్పాలి. బాత్రూం కార్డు ఇలా రాశాను: "ఇవి బోరు నీళ్ళు, కాస్త ఉప్పగా ఉంటాయి. స్నానానికి, ఉతుక్కోవడానికి ఇబ్బంది లేదు. సబ్బు నురగ తక్కువ వస్తుంది. తాగడానికి, వంటకు మాత్రం వంటింట్లో ఉన్న 20 లీటర్ల క్యాన్ వాడండి. అయిపోతే బాబాయికి చెప్పండి, ఇంకోటి తెస్తారు, డబ్బులు అక్కర్లేదు." చివరి ముక్క చాలా అవసరం. డబ్బులు అడుగుతారేమోనని నీళ్ళు పొదుపుగా తాగిన పెద్దవాళ్ళ గురించి విన్నాక అది రాయకుండా ఉండలేకపోయాను.

కరెంటు సంగతికి స్విచ్‌బోర్డుల మీదే చిన్న స్టిక్కర్లు. ఇన్వర్టర్ మీద నడిచే లైట్లకు, ఫ్యాన్లకు పచ్చ చుక్క. ఏసీ, గీజరు, మిక్సీ మెయిన్ కరెంటు మీదే, వాటికి చుక్క లేదు. "కరెంటు పోతే పచ్చ చుక్క ఉన్నవి పనిచేస్తాయి" అని తలుపు పక్కన ఒక్క లైను. చదవడం రాని చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. కరెంటు చాలాసేపు రాకపోతే 1912కి ఫోన్ చేయొచ్చు, కానీ ముందు బాబాయికి చెప్తే మేలు. పోయింది ఊరంతటికా, మన ఇంటి ఫ్యూజా అన్నది ఆయన వీధిలోకి ఒక్క చూపు చూసి చెప్పేస్తాడు.

సెప్టిక్ ట్యాంకు కార్డు రాయడానికి మొహమాటపడి ఆపకూడదు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, తడి టిష్యూలు ఫ్లష్ చేయొద్దు, ఇది పట్నం డ్రైనేజీ కాదు, పెరట్లో ఉన్న ట్యాంకు అని కారణంతో సహా రాశాం. పక్కనే మూత ఉన్న చెత్తబుట్ట, కాగితం కవర్ల కట్ట పెట్టించాం. అవి పెట్టకుండా వద్దని మాత్రం రాస్తే మనిషి ఏం చేయాలి?

మే, చివర: నియమాలు

పెద్దమ్మకు ఈ భాగం అస్సలు ఇష్టం లేదు. ముసాయిదా చదివి వినిపిస్తే మధ్యలోనే ఆపింది. "ఒరే, ఇంటికొచ్చినవాళ్ళకి ఇది ముట్టుకోకు, అది చెయ్యకు అని చెప్తావా? మన ఇంటా వంటా లేదురా అది." నేను డబ్బు తీసుకుని ఇస్తున్నాం కదా పెద్దమ్మా అన్నాను. "డబ్బు తీసుకుంటే ఇంకా మర్యాదగా చూడాలి" అంది.

ఆ మాట తీసేయడానికి లేదు. ఇది డొక్కా సీతమ్మగారి నేల. 1841లో పుట్టి 1909 దాకా బతికిన ఆ తల్లి లంకల గన్నవరంలో దారిన పోయేవాళ్ళకు వేళ కాని వేళలో కూడా వండి వడ్డించింది. పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి పాయ మీద కట్టిన కొత్త అక్విడెక్టుకు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) ఆవిడ పేరే పెట్టారు. మా ఇంటికి వచ్చేవాళ్ళలో సగంమంది ఆ దారినే వస్తారు. అక్కడి నుంచి వచ్చి మా గుమ్మంలో నిషేధాల జాబితా చదవడం నాకూ నచ్చదు.

అయినా నియమాలు లేకుండా కుదరదు. అందుకని ఒక్కో నియమాన్ని ఇలా అడుగుతూ పోయాను: ఇది లేకపోతే ఎవరికైనా దెబ్బ తగులుతుందా, పక్కింటివాళ్ళకు ఇబ్బందా, తర్వాత వచ్చే అతిథికి నష్టమా? మూడిటికీ కాదు అని వస్తే కొట్టేశాను. "మంచం మీద కూర్చుని తినరాదు" పోయింది. "సావిట్లో ఉయ్యాల పెద్దవాళ్ళు ఊగరాదు" కూడా పోయింది, దాని బదులు గొలుసులు మార్పించాం. "వెళ్ళేముందు గిన్నెలు తోమి, దుప్పట్లు మడవాలి" అన్నది నేను రాయనే లేదు. అద్దె కట్టినవాళ్ళ చేత ఇంటిపని చేయించడం నా దృష్టిలో తప్పు. వెళ్ళేటప్పుడు ఏసీలు ఆపి, తాళం బాబాయి చేతికిస్తే చాలు.

మిగిలినవి కారణంతో రాశాను. రాత్రి పది దాటాక పాటల బాక్సులు వద్దు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, పైగా మా వీధిలో తెల్లారకముందే లేచి పాలు పితికేవాళ్ళున్నారు. బుక్ చేసినవాళ్ళు కాక బయటివాళ్ళను పిలిచి పార్టీ పెట్టుకోవడం కుదరదు: ఇళ్ళు అద్దెకు బుక్ చేసుకునే ఎయిర్‌బీఎన్‌బీ యాప్ కూడా 2022 నుంచి పార్టీలను శాశ్వతంగా నిషేధించింది, నేరుగా ఫోన్ చేసి వచ్చేవాళ్ళకూ మాది అదే పద్ధతి. మండువాలో వాన పడుతున్నప్పుడు పిల్లల్ని పరుగెత్తనివ్వద్దు: నాపరాళ్ళు తడిస్తే జారతాయి. వానలో నిలబడి తడవొచ్చు, ఆ ఇల్లు కట్టిందే అలా. సాయంత్రం ఆరింటికి మెష్ తలుపులు వేసేయండి: ఆ అరగంటలో వచ్చిన దోమలే రాత్రంతా ఉంటాయి. పూజగది తలుపు తెరిచే ఉంటుంది, దీపం పెట్టుకోవచ్చు, కొండెక్కేదాకా ఎవరో ఒకరు దగ్గర ఉండండి: పైకప్పు దూలాలు చెక్కవి.

మళ్ళీ చదివి వినిపించాను. పెద్దమ్మ ఒక్క మార్పు అడిగింది. చెప్పులు గుమ్మం బయట విడవమనే లైను తీసేయించి, అక్కడ కాళ్ళు కడుక్కోవడానికి బిందె, చెంబు పెట్టించింది. అది చూసి లోపలికి చెప్పులతో వచ్చినవాళ్ళు ఇంతవరకు లేరు.

జూన్, మొదటి వారం: కాలువకు నీళ్ళు వచ్చాయి

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా ఇంటి ముందు కాలువ అడుగు కనిపిస్తుంది. పిల్లలు దిగి ఆడుకుంటారు కూడా. నీళ్ళు వదిలాక అదే చోటు ప్రమాదం. పైకి నిదానంగా కనిపిస్తుంది, లాకుల దగ్గర మాత్రం లాగేస్తుంది. ఇది బతిమాలి చెప్పే మాట కాదు, అందుకే పుస్తకంలోనూ మెసేజిలోనూ సూటిగా పెట్టాను: కాలువలో దిగొద్దు, ఈత వచ్చినా దిగొద్దు. ఒకే మాట రెండు చోట్ల రాయకూడదన్న పద్ధతిని దీనికి మాత్రం పక్కన పెట్టాను.

రెండోది కొబ్బరిచెట్లు. కారు నీడలో పెడదామని అందరూ చెట్టు కిందే పెడతారు. ఎండుమట్ట పడినా అద్దం పగులుతుంది, కాయ పడితే చెప్పక్కర్లేదు. చెట్లకు దూరంగా రేకుల షెడ్డు వేయించి, నేల మీద తెల్లసున్నంతో గీత గీయించాం. కొబ్బరికాయల దింపు ఉన్న రోజు ముందే తెలిస్తే అతిథులకు మెసేజి పెడతాను, ఆ పూట తోటలోకి పిల్లల్ని పంపొద్దని. దింపేవాళ్ళు చెట్టెక్కడం చూడాలని చాలామందికి సరదా. బాబాయి దూరంగా కుర్చీలు వేసి, బొండాలు కొట్టించి ఇస్తాడు.

గ్యాస్ కార్డు వంటింట్లో ఒకటి, వీధి అరుగు మీద ఒకటి. వంటింట్లో వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తీసి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. రెండో కార్డు ఎందుకని కొందరు అడిగారు. కోనసీమలో పొలాల కింద గ్యాస్ పైపులైన్లున్నాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలి నిద్రలో ఉన్న మనుషులు పోయారు. ఆ ఊరు మాకు దూరమేమీ కాదు. బయట గాలిలో గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయొద్దు, బండి స్టార్టు చేయొద్దు, గాలి ఎటు నుంచి వీస్తోందో అటు నడిచి దూరంగా వెళ్ళి 112కి ఫోన్ చేయండి అని రాశాం. రాత్రి దూరంగా కనిపించే మంట గురించి కూడా అక్కడే: అది గ్యాస్ బావుల దగ్గర కావాలని మండించేది, భయం లేదు. 108 నంబరు, రాజోలు ఆసుపత్రికి దారి కూడా అదే కార్డు మీద పెద్ద అక్షరాలతో వేయించాం.

జూన్, రెండో వారం: గుర్తింపు కాగితాలు, కెమెరా

చిన్న పేజీయే కానీ ముందే తెలియాల్సింది. పెద్దవాళ్ళందరికీ గుర్తింపు కార్డు కావాలి. ఆధార్ ఇచ్చేవాళ్ళు చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వొచ్చని రాశాను, మాకు అది చాలు. విదేశీ పాస్‌పోర్టుతో వచ్చేవాళ్ళ వివరాలు 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పంపాల్సింది మేమే. పుట్టింది పక్కూళ్ళోనే అయినా అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. "సొంత ఊళ్ళో నాకెందుకండీ ఇదంతా" అని బాధపడేవాళ్ళున్నారు. వచ్చాక గుమ్మంలో అడగడం కన్నా ముందే మెసేజిలో చెబితే ఆ బాధ తగ్గుతోంది.

కెమెరా గేటు దగ్గర ఒక్కటే ఉంది, అది ఎటు చూస్తుందో కూడా రాశాం. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. ఆ నియమం రాకముందు కూడా లోపల పెట్టే ఆలోచన మాకు లేదు.

జూన్, చివర: అచ్చు

జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించిన కార్డులు బాత్రూం తేమకు అంచులు విడిపోయాయి. తడి తగిలేచోట్లకు ఫ్లెక్సీ షాపులో సన్‌బోర్డు మీద వినైల్ స్టిక్కర్ వేయించాం, అవి నిలబడ్డాయి. పుస్తకం స్పైరల్ బైండింగ్, ఒక్కో పేజీ విడిగా మార్చుకునేలా. అక్షరాలు కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్దవి. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. డల్లాస్ నుంచి వచ్చిన మనవలకు తెలుగు చదవడం రాదు, వాళ్ళతో వచ్చే తాతయ్యలకు ఇంగ్లీషులో చదివే ఓపిక లేదు. వైఫైకి క్యూఆర్ కోడ్ పెట్టి, కిందే పాస్‌వర్డు అక్షరాల్లో కూడా రాశాను.

జూలై, మూడో వారం: వరద పేజీ

ఎగువన వానలు. ఈ పేజీని ఇంతకుముందు రాసి పెట్టడం మంచిదైంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో ఈ అంకెలు వినగానే మా ఊరివాళ్ళకు ఏం చేయాలో తెలుసు. బయటివాళ్ళకు అవి వట్టి అంకెలు. కాబట్టి పక్కనే అర్థం రాశాను. మొదటి హెచ్చరిక: ఇంట్లో ఉండొచ్చు, లంకల (నది మధ్య దిబ్బల) వైపు, పడవల వైపు వెళ్ళొద్దు. కనకాయలంక లాంటి లంక గ్రామాల కాజ్‌వేలు ముందుగా మునుగుతాయి, నీళ్ళు పాదాల లోతే ఉన్నా కారు దించొద్దు. రెండో హెచ్చరిక: మేమే ఫోన్ చేస్తాం, తేదీలు మార్చుకోండి లేదా డబ్బు మొత్తం వెనక్కి తీసుకోండి. మూడోది వచ్చేదాకా ఇంట్లో ఎవరినీ ఉంచం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసినవాళ్ళం, ఆ విషయంలో బేరం లేదు.

ఈ వారం ఇంట్లో ఉన్న కుటుంబం ఆ పేజీ చూసి, తామే టీవీలో నీటిమట్టం కనుక్కుని, అంతర్వేది ప్రయాణం మానుకుని అప్పనపల్లి వెళ్ళి వచ్చారు. నాకు ఒక్క ఫోనూ రాలేదు. బాబాయిని అడిగితే "ఆయ్, పుస్తకం చదువుకున్నారండీ, నన్నేమీ అడగలేదు" అన్నాడు.

ఆగస్టు

నీళ్ళు, కరెంటు గురించి ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. ఇప్పుడు వచ్చే ప్రశ్నలు వేరు. ఆత్రేయపురం పూతరేకులు ఎక్కడ తాజాగా దొరుకుతాయి, పులస చేప ఇప్పుడు వస్తోందా, పెద్దమ్మగారు వంట చేసి పెడతారా. ఇలాంటివి ఫోన్లోనే అడగనీ, నాకు సంతోషం. పెద్ద తలుపు గడియ మాత్రం ఇంకా తేలలేదు. బొమ్మ వేసి పెట్టినా కొందరు ఎటు తిప్పాలో తికమకపడుతున్నారు. రాత్రిపూట తలుపు పడలేదంటే నిద్ర పట్టదు. వడ్రంగితో మాట్లాడాను. పాత గడియ అలాగే ఉంచి, లోపలివైపు మామూలు బోల్టు ఒకటి బిగిస్తాడు.

సంక్రాంతి పేజీ రాయాలి. ఆ నాలుగు రోజులకు ఇప్పటి నుంచే అడుగుతున్నారు. మా తోటలో కోడిపందేలు ఉండవని, పందేలు జరిగే చోటికి ఎవరినీ మేం పంపబోమని మొదటి లైనులోనే ఉంటుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల (అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన కట్టడాల) తీర్థానికి వెళ్ళాలనుకునేవాళ్ళకు, అంబాజీపేట వైపు కార్లు ఎక్కడిదాకా వెళ్తాయో, ఎక్కడి నుంచి నడవాలో చెప్పాలి. ప్రభలు ఏ వేళకు ఏ దారిన కదులుతాయో అక్కడి చుట్టాలను కనుక్కుని బాబాయి చెబుతానన్నాడు. అది రాగానే పేజీ అచ్చుకు ఇస్తాను.